దొరకని జింక

వేటను గూర్చి వ్రాసినవారు తఱచుగా దొరికిన జంతువులను గూర్చియే వ్రాసిరి. ఫలానా పులి ఇన్ని అడుగుల పొడవు, ఫలానా దుప్పి కొమ్ములకు ఇన్ని శాఖలు అని వారు లెక్కలు చెప్పుదురు. దెబ్బతిని తప్పించుకొని పోయిన జంతువును గూర్చి నోరు విప్పినవారు తక్కువ. కాని చిరకాలము వేటాడిన వానిని నిజము చెప్పుమని అడిగినచో, పడిన జంతువులన్నిటికంటె పడకుండ పోయిన ఒక్క జంతువే అతని మనస్సున గాఢముగా నిలిచియుండును. అది ఏ పొదలో ఒరిగెనో, ఎంతసేపు కొట్టుకొనెనో, లేక బ్రదికి బయటపడెనో అతడెఱుగడు. చంపుట అతనికి క్రొత్త కాదు. ఏమైనదో తెలియకపోవుటయే అతనిని లోలోపల తినివేయును.

ఈ ముచ్చట ఇప్పుడు మన ప్రాంతమునకు చెందినది కాదు. మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట జింకను వేటాడుట నేరమైనది. కృష్ణజింకను ఆంధ్రప్రదేశమును, చుక్కల జింకను తెలంగాణమును తమ రాష్ట్రజంతువులుగా గౌరవించుచున్నవి. ఉత్తర అమెరికాలో సంగతి వేరు. అచ్చట తెల్లతోక జింక అను జాతి కలదు. బెదరినప్పుడు అది తోకను నిలువుగా ఎత్తి పరుగెత్తును. తోక అడుగుభాగమున నున్న తెల్లని వెండ్రుకలు అప్పుడు జెండావలె మెఱయును. అడ్డు అదుపు లేని వేటవలన 1900 నాటికి ఆ జాతి చాల తావులలో కంటికి కనబడకుండ పోయెను. దొంగతనముగా చంపిన జంతువులను ఒక రాష్ట్రమునుండి మఱియొక రాష్ట్రమునకు తరలించి అమ్మరాదని ఆ యేటనే లేసీ చట్టము చేసిరి. తుపాకులమీదను, తూటాలమీదను వచ్చు పన్నును వన్యప్రాణుల రక్షణకే వినియోగింపవలెనని 1937లో మఱియొక చట్టము వచ్చెను. నేడు ఆ జింకలు మరల కోట్ల సంఖ్యకు పెరిగినవి. వానిని తిని అదుపులో నుంచవలసిన తోడేళ్లను, కొండసింహములను తూర్పు రాష్ట్రములలో మనుష్యుడే చాలవఱకు నిర్మూలించెను. కావున అచ్చటి ప్రభుత్వములు ఏటేట శరత్కాలమున, అనుమతి పత్రము పొందినవారిని, ఇన్ని జింకలనియు ఇన్ని దినములనియు నియమము పెట్టి వేటాడనిచ్చుచున్నవి. ఇది తగునా తగదా యని ఆ దేశముననే వాదించువారు కలరు. ఆ వాదము అట్లుండనిండు.

విస్కాన్సిన్, మిచిగన్, పెన్సిల్వేనియా వంటి రాష్ట్రములలో, మన ఆశ్వయుజ కార్తీకములకు సరియగు కాలమున, ఆకులు ఎఱ్ఱబడి రాలుచుండును. విల్లు పట్టిన వేటకాడు తెల్లవారకముందే వచ్చి చెట్టుకు కట్టిన చిన్న మంచెపై కూర్చుండును. చలికి వ్రేళ్లు కొంకరపోవుచున్నను కదలడు, దగ్గడు. జింక ఇరువది ముప్పది గజముల దూరమునకు వచ్చువఱకు విల్లు ఎత్తడు. ఒక్కొక్కప్పుడు పది దినములు కూర్చుండినను ఏదియు రాదు. వచ్చిన దినమున అంతయు రెప్పపాటులో ముగియును. ఆ రెప్పపాటులోనే జింక ఒక అడుగు ముందుకు వేయవచ్చును. కంటికి ఆనని సన్నని రెమ్మ బాణమును ప్రక్కకు త్రోయవచ్చును. నారి చప్పుడు విని, దూకుటకై జింక తన ఒడలిని క్రిందికి వంచవచ్చును. బాణము గుండెకో ఊపిరితిత్తులకో తగిలినచో జింక నూఱు గజములు పరుగెత్తి పడిపోవును. జానెడు వెనుకకు తగిలినచో అది పడదు. వీపు గూనిగా వంచి, తోక దించి, మెల్లగా చెట్లలోనికి నడచిపోవును.

అప్పుడు వేటకాడు చేయవలసిన మొదటి పని ఏమియు చేయకుండుట. క్రొత్తవారికి ఇది మిక్కిలి కష్టము. వారు మంచెమీదినుండి దిగి పరుగెత్తుదురు. జింకను కూడ పరుగెత్తింతురు. తెలిసినవాడు మంచెపైననే కూర్చుండి, జింక కడపట ఏ చెట్టు ప్రక్కన కనబడెనో గుర్తుపెట్టుకొనును. పిదప నెమ్మదిగా దిగి బాణమును వెదకును. ఆ బాణము ఒక ఉత్తరము వంటిది. దానిపై నురుగుతో కూడిన లేత ఎఱ్ఱని నెత్తురున్నచో అది ఊపిరితిత్తులది. ముదురు ఎఱుపైనచో కాలేయము. పచ్చని పసరును, దుర్వాసనయు నున్నచో బాణము కడుపులో దూసికొనిపోయినదన్నమాట. మొదటి విధమైనచో అరగంట ఆగి బయలుదేరవచ్చును. రెండవ విధమైనచో నాలుగు గంటలో ఆరు గంటలో ఆగవలెను. మూడవదైనచో ఎనిమిది మొదలు పండ్రెండు గంటలు, అనగా ఒక రాత్రియంతయు ఆగవలసియుండును.

ఇది వినుటకు కఠినముగా తోచును. బాధపడుచున్న ప్రాణిని వెంటనే వెదకి దాని బాధ తీర్పక, ఇంటికి పోయి కూర్చుండుట యేమి న్యాయము? కారణమిది. కడుపున దెబ్బతిన్న జింకను ఎవ్వరును తఱుమకున్నచో అది దగ్గఱలోనే ఒక పొదలో పరుండును. అచ్చటనే దాని ప్రాణము పోవును. తఱిమినచో లేచి మైళ్లకొలది పోవును. ప్రేగులును క్రొవ్వును గాయమునకు అడ్డుపడి నెత్తురు నేలపై పడదు. జాడ తెగిపోవును. దయచేత తొందరపడినవాడు దాని బాధను పొడిగించినవాడగును. ఈ సంగతి తెలిసియు, దీపము దగ్గఱ కూర్చుండి గడియారము చూచుకొనుచు గడపిన రాత్రి ఎంత పొడుగైనదో ఆ వేటకాండ్రే చెప్పవలెను. అంతలో మబ్బు పట్టినచో చెప్పనక్కఱలేదు. ఒక్క జల్లు చాలు, నేలమీది వ్రాత అంతయు తుడుచుకొనిపోవును.

తెల్లవారిన పిమ్మట వెదకుట మొదలగును. అసలు వేట ఇదియే యనువారు కలరు. జాడమీద నడవరాదు, జాడ ప్రక్కగా నడవవలెను. లేనిచో ఆకులు తలక్రిందులై ఉన్న చుక్కలు కూడ మాయమగును. నెత్తురు కనబడిన ప్రతి తావునను చిన్న కాగితపు ముక్కనో, రంగుగుడ్డనో కట్టవలెను. కొంత దూరము పోయి వెనుకకు తిరిగి చూచినచో ఆ గుర్తులన్నియు ఒక వరుసగా కనబడి, జింక ఏ దిక్కున పోవుచున్నదో చెప్పును. చుక్కలు నేలమీదనే యుండవు. మోకాలి యెత్తున గడ్డిపోచల ప్రక్కలను, చెట్ల బోదెలమీదను, ఆకుల అడుగున కూడ అంటియుండును. నిలువబడి చూచువానికి కనబడనివి మోకాళ్లమీద ప్రాకువానికి కనబడును.

శరత్కాలపు అడవి అతనిని పరిహసించుచున్నట్లే యుండును. మేపుల్ చెట్ల ఆకులపై ఎఱ్ఱని మచ్చలుండును. పది అడుగుల దూరమున ప్రతి మచ్చయు నెత్తుటి చుక్కయే. దగ్గఱకు పోయి వ్రేలితో తుడిచినచో అది ఆకు రంగు. అందుచేత కొందఱు గాయములు కడుగుటకు వాడు హైడ్రొజన్ పెరాక్సైడును చిన్న సీసాలో తీసికొనిపోవుదురు. అనుమానముగానున్న మచ్చపై దానిని చిలికించినచో, నెత్తురైనయెడల తెల్లగా నురుగు పొంగును. నెత్తురులోనుండు ఒక పదార్థము ఆ ద్రవమును క్షణములో విఱుగగొట్టి ప్రాణవాయువును విడిపించుటచే నురుగు పుట్టును. ఉట్టి ఆకుపై నురుగు రాదు. పాఠశాల ప్రయోగశాలలో పదిమంది పిల్లలు చూచి సంతోషించు నురుగే, అచ్చట మోకాళ్లమీద నున్న ఒక మనుష్యునకు గొప్ప ఊఱటయగును.

చుక్కకు చుక్కకు నడుమ దూరము మొదట అడుగు, పిమ్మట గజము, పిమ్మట పది గజములు. ఒకచోట ఆకులు నొక్కబడి, పళ్లెమంత నెత్తుటి మరక కనబడును. జింక అచ్చట పరుండి లేచినది. ఎందుకు లేచినది? మనుష్యుని అలికిడి విని లేచెనా? ఆ ప్రశ్న వేటకానిని ములుకువలె పొడుచును. అచ్చటినుండి జాడ వాగువైపు దిగును. దెబ్బతిన్న జింకలు నీటికై పోవుట కలదు. వాగు దాటిన పిమ్మట పరుల కంచె అడ్డము వచ్చినచో, ఆ యజమాని యింటికి పోయి, తలుపు తట్టి, జరిగినది చెప్పి, అనుమతి వేడవలెను. క్రొత్తవాని గుమ్మమున నిలిచి, నేనొక జింకను సరిగా కొట్టలేకపోయితినని చెప్పుట పెద్దమనుష్యునకు సులభము కాదు. అయినను చెప్పవలసినదే.

తుదకు ఒక చుక్క వచ్చును. దాని తరువాత మఱియొకటి లేదు. వేటకాడు ఆ చుక్క దగ్గఱ తన టోపీని ఉంచి, దాని చుట్టును వలయములుగా తిరుగును. స్నేహితులను పిలిచి, అడవిని గళ్లుగా విభజించి, చేతికి చేయి అందునంత దూరమున వరుసగా నడచును. కాకులు ఎచ్చటనైన అఱచుచున్నవా యని చెవి యొగ్గును. మధ్యాహ్నమగును, సాయంకాలమగును. టోపీ ఉంచినచోటనే యుండును.

అతడు ఇల్లు చేరిన పిమ్మట ఓదార్చువారు చాలమంది వత్తురు. అందఱికిని ఇట్లు జరుగునని ఒకడనును. అడవిలో ఏదియు వ్యర్థము కాదు, నక్కలు తినును, కాకులు తినును, మిగిలినదానిని పురుగులు తినునని మఱియొకడనును. ఈ రెండవ మాట అబద్ధము కాదు. చచ్చిన జింకను ఒక్క వారములో పంచుకొనితిను నోళ్లు అడవిలో ఎన్నియో కలవు. కాని అది నక్క చెప్పుకొనదగిన మాట గాని, బాణము వేసినవాడు చెప్పుకొనదగిన మాట కాదు. అతడు బాణము వేసినది నక్కల కడుపు నింపుటకు కాదు గదా! ఇట్టి ఓదార్పులు గాయమును కడుగక కట్టు కట్టుట వంటివి. పైకి శుభ్రముగానుండును, లోపల సలుపుచునే యుండును.

ఇంకొక మాట కలదు. అది ఓదార్పు కాదు, ఆక్షేపణ. చంపుటకు పోయినవాడు చంపలేదని ఏడ్చుటేమి, అంత జాలి యున్నవాడు ఇంటనే యుండరాదా యని వేటాడనివారందురు. ఈ ప్రశ్నను నవ్వి త్రోసివేయుటకు వీలులేదు. దానికి లొంగి విల్లు మూలపెట్టినవారును కలరు. అయితే, చంపుట వేఱు, సగము చంపి విడుచుట వేఱు అను భేదము మన పెద్దలకును తెలియనిది కాదు. మహాభారతమున పాండురాజు లేడి రూపముననున్న కిందమ మునిని బాణముతో కొట్టెను. మృగములను వేటాడుట రాజులకు చెల్లునని అతడు వాదించెను. ముని ఆ మాటను కాదనలేదు. వేటాడినందుకు కాదు, జత కూడియున్న వేళ కొట్టినందుకు శపించుచున్నానని చెప్పెను. వేటకు కూడ చేయదగినదనియు చేయరానిదనియు ఒక గీటు కలదని ఆ కథ గీచిన గీటు నేటి అమెరికా అడవిలో విల్లు పట్టినవానికిని అడ్డముగానే యున్నది.

ఈ బాధను దాచక వ్రాసినవారిలో అమెరికా రచయిత ఎర్నెస్ట్ హెమింగ్వే ఒకడు. 1954లో నోబెల్ బహుమానము పొందిన ఆయనకు వేట యనిన ప్రాణము. 1933 చివరను, 1934 మొదటను ఆయన తూర్పు ఆఫ్రికాలో వేటాడి, ఆ యనుభవములను 'గ్రీన్ హిల్స్ ఆఫ్ ఆఫ్రికా' అను గ్రంథముగా 1935లో ప్రకటించెను. అందు గొప్పలు చెప్పుకొనిన తావులు లేకపోలేదు. కాని కడపటి భాగమున ఆయన ఒక సేబుల్ జింకను గాయపఱచి పోగొట్టుకొనిన సంగతి కలదు. సేబుల్ అనునది నల్లని ఒడలును, కత్తివలె వెనుకకు వంగిన కొమ్ములును గల పెద్ద జింక. జాడ లెత్తువారితో కలసి ఎండలో వెదకి వెదకి, తుదకు జాడ తప్పి ఆయన వెనుదిరుగవలసివచ్చెను. రాత్రియైనచో దుమ్ములగొండులు దానిని ఏమి చేయునో ఆయనకు తెలియును. ఆ తలంపును ఆయన పుటలపై దాచలేదు. తప్పు తుపాకిమీదికిగాని జాడ లెత్తినవారిమీదికిగాని నెట్టలేదు. చేయగలనను ధీమాతో, చేయవలసిన పనిలో ఒక మెట్టు విడిచిపెట్టుటచే అట్లు జరిగినదని తన్ను తానే నిందించుకొనెను.

ఆ గ్రంథముననే ఆయన అంతకుముందటి ఒక సంగతి జ్ఞాపకము చేసికొనెను. 1930 నవంబరులో మోంటానా రాష్ట్రమున కారు ప్రమాదమున ఆయన కుడిచేయి విఱిగెను. వ్రాయు చేయియు, తుపాకి పేల్చు చేయియు అదియే. బిల్లింగ్స్ పట్టణపు ఆసుపత్రిలో వారములకొలది నిద్ర పట్టక పడియున్న కాలమున, ఒక రాత్రి ఆయనకు భుజము విఱిగి తప్పించుకొనిపోయిన ఎల్క్ అను పెద్ద దుప్పి గుర్తుకు వచ్చెను. తూటా తగిలినది మొదలు అంతమువఱకు ఆ జంతువు ఏమేమి అనుభవించునో ఆయన మంచముమీద పరుండి అంతయు అనుభవించెను. వేటకాండ్రందఱి పక్షమున తానీ శిక్ష అనుభవించుచున్నానేమో యని కూడ తలంచెను. కోలుకొనిన పిమ్మట వేట మానలేదు. ఒక్క దెబ్బతో చంపగల నేర్పు ఉన్నంతకాలమే వేటాడుదుననియు, అది తప్పిన దినమున మానుదుననియు నియమము పెట్టుకొనెను. ఆ నియమము చాలునా యని అడుగువారు అడుగవచ్చును. సేబుల్ జింకకు అది చాలలేదు. అయినను, పటము కట్టించుకొనుటకు కొమ్ములు లేని ఆ వేటను, దొరికిన వేటలకంటె శ్రద్ధగా వ్రాసిపెట్టిన నిజాయితీ మెచ్చదగినది.

జర్మనీలో ఈ సంగతిని వేటకాని మనస్సాక్షికే విడిచిపెట్టలేదు. గాయపడిన జంతువునకు తప్పింపదగిన బాధ కలుగకుండ దానిని వెంటనే తుదముట్టింపవలెనని అచ్చటి వేట చట్టము విధించుచున్నది. ఆ పనికొఱకే హానోవర్, బవేరియా ప్రాంతముల పేర పిలువబడు జాడ కుక్కలను తరతరములుగా పెంచుచున్నారు. కుక్కను పొడవైన త్రాటితో కట్టి, దాని వెనుక మనుష్యుడు నడచును. అది నెత్తుటి వాసననే పట్టుకొనిపోవునని తలంచరాదు. జింక గిట్టల నడుమ చిన్న గ్రంథులు కలవు. వానినుండి ఊరు ద్రవపు వాసన అడుగడుగునను నేలకంటును. ఒక్కొక్క జింకకు ఒక్కొక్క వాసన. కావున ఒక్క చుక్క నెత్తురు లేనిచోటను, పది జింకలు తిరిగినచోటను, మంచి కుక్క గాయపడినదాని జాడనే పట్టును. అమెరికాలో చాలకాలము కుక్కతో జింకను వెదకుటకు అనేక రాష్ట్రములు ఒప్పుకొనలేదు. ఇప్పుడు చాల రాష్ట్రములు త్రాటితో కట్టిన కుక్కను ఒప్పుకొనుచున్నవి. పొట్టికాళ్ల డాక్షండ్ జాతి కుక్క అర్ధరాత్రి లాంతరు వెలుగులో ముక్కు నేలకానించి లాగుచుండగా, దాని వెనుక ముండ్లలో దూరుచు పోవు పెద్దమనుష్యులు అచ్చట కలరు. కొందఱు ఈ పనికి కూలి కూడ పుచ్చుకొనరు. జర్మనీలో ఇట్లు వెదకి దొరికిన జంతువు నోట ఒక పచ్చని రెమ్మ ఉంతురు. కడపటి కబళమని దాని పేరు. వేటకాడు తనకిచ్చిన రెమ్మలో ఒక తునుక త్రుంచి కుక్కను నడపినవానికి ఇచ్చును.

కుక్కకును దొరకనివి కొన్ని యుండును. వానిలో కొన్ని బ్రదుకును. మానిన గాయముతోను, ఒడలిలో చిక్కుకొని కండ క్రమ్ముకొనిన బాణపు ములుకుతోను, ఏండ్లు తిరిగిన పిమ్మట కనబడిన జింకలు కలవు. ఈ కాలమున అడవిలో చెట్లకు కట్టిన కెమెరాలలో, చచ్చినదనుకొనిన జింక కొన్ని వారములకు మేయుచు కనబడుటయు కలదు. అట్టి చిత్రము చూచిన వేటకాని సంతోషము, గురి తగిలిన నాటి సంతోషమువలె నుండదు. దానిని అతడు గొప్పగా నలుగురికి చూపడు.

బ్రదికెనో లేదో తెలియనివారు తమ లెక్క తామే సరిచేసికొందురు. ఆఫ్రికా దక్షిణ భాగమున వేట నడుపువారి కట్టుబాటు ఒకటి కలదు. జంతువు ఒడలినుండి ఒక్క చుక్క నెత్తురు రాలినను, అది దొరికినను దొరకకున్నను, దాని వెల చెల్లింపవలెను. అమెరికాలో చాలచోట్ల అట్టి నియమము లేదు. అనుమతి పత్రము చేతిలోనున్నంతవఱకు మఱియొక జింకను కొట్టవచ్చును. అయినను కొందఱు, ఎవ్వరును అడుగకున్నను, పోయిన జింకను తమ లెక్కలో వ్రాసికొని, ఆ యేడు విల్లు విప్పి పెట్టెలో పెట్టుదురు. మాంసము లేని చలికాలము వారికి ఆ లెక్క.

తిరిగి విల్లు పట్టినవారు వేసవి మొదలుకొని సాధన చేయుదురు. ప్రతి ఉదయము ఒకే బాణము, రెండవది వేయరు. అడవిలో మొదటి బాణమే కడపటి బాణము గనుక, చేయి వేడెక్కకముందు వేసిన బాణము ఎచ్చట తగులునో అదియే అసలైన గురి. పెరటిలోని గుఱిపలకను నలువది గజములనుండి కొట్టగలవాడు, అడవిలో ఇరువది గజములు దాటినచో కొట్టనని గీటు గీచికొనును. ఆ గీటుననుసరించి నేలపై ఒక ఱాయి గుర్తుపెట్టుకొనును.

మఱుసటి శరత్తున ఒక దినము జింక వచ్చును. ఓక్ చెట్టు క్రింద రాలిన కాయలు ఏఱుకొని తినుచు నిలుచుండును. ఱాతికి పది గజములు ఆవల. రొమ్మునకు అడ్డముగా ఒక సన్నని రెమ్మ. వేటకాడు విల్లు మోకాళ్లపై ఉంచుకొని చూచుచుండును. జింక కాయలన్నియు తిని, చెవులు ఒకసారి విదిలించి, వచ్చిన దారినే నడచిపోవును.